వసంతంలో గాన్ కదలిక: చైనా వైద్యం, మర్దన చెప్పే ఋతుచర్య

వసంతం వస్తూనే 'కాలేయ శుద్ధి' మాట జోరందుకుంటుంది. రసాల మీదే గడిపే ఉపవాసాలు, చేదు కషాయాలు, విరేచనం చేయించే పొడులు. వీటిలో చాలావాటికి చైనా సంప్రదాయ వైద్యం పేరు తగిలిస్తారు. ఆ వైద్యానికి ఆధారమైన ప్రాచీన గ్రంథం 'హ్వాంగ్‌ది నెయ్‌జింగ్' రెండో అధ్యాయం మాత్రం వసంతం గురించి వేరే సంగతి చెబుతుంది. ఈ మూడు నెలలూ పాతదాన్ని తోసుకుని కొత్తది పైకి వచ్చే కాలం. చలికాలంలో కన్నా కాస్త ఆలస్యంగా పడుకుని తెల్లవారుజామునే లేవాలి. ముంగిట్లో తీరిగ్గా నడవాలి. బిగించి కట్టిన జుట్టు విప్పి, ఒళ్లు వదులు చేసుకోవాలి. మనసులో మొలిచే సంకల్పాన్ని తుంచకూడదు. ఇవ్వాలి తప్ప లాక్కోకూడదు, మెచ్చుకోవాలి తప్ప దండించకూడదు. ఇలా నడుచుకోకపోతే కాలేయం దెబ్బతిని, ఆ ఫలితం వేసవిలో బయటపడుతుందని ఆ అధ్యాయం హెచ్చరిస్తుంది. అందులో కడగడం, ఖాళీ చేయడం అన్న ఊసే లేదు. వదులు చేయడమే ఉంది. వసంతంలో చేసే మర్దన, వ్యాయామం, తిండి మార్పులన్నీ ఆ ఒక్క మాట మీదే నిలుస్తాయి. జరిగే పొరపాట్లు కూడా ఎక్కువగా దాన్ని మరిచిపోవడం వల్లే జరుగుతాయి.

ముందుగా పేరు దగ్గరి గందరగోళం తీరాలి. చైనా వైద్యులు 'గాన్' అనేదాన్ని మనం కాలేయం అని అనువదిస్తాం. కానీ అది రక్తపరీక్షలో ఎంజైములు కొలిచే అవయవంతో పూర్తిగా సరిపోదు. గాన్ అంటే ఒళ్లంతా 'చీ' (ప్రాణశక్తి) సాఫీగా పారేలా చూసే పని, రక్తాన్ని నిల్వచేసే పని, కండర బంధనాలకూ కళ్లకూ పోషణ అందించే పని. చైనా పంచతత్త్వాల్లో (వృక్షం, నిప్పు, మట్టి, లోహం, నీరు) దానిది వృక్షం, దిక్కు తూర్పు, వాతావరణం గాలి, భావం కోపం. దాని జంట పిత్తాశయం. అందుకే 'గాన్ చీ బిగుసుకుంది' అని వైద్యుడు అంటే కాలేయానికి జబ్బు చేసిందని కాదు. పక్కటెముకల కింద పట్టేసినట్టు ఉండటం, మాటిమాటికీ నిట్టూర్పు రావడం, మెడా భుజాలూ రాయిలా బిగియడం, చిన్నదానికే చిరాకు పుట్టడం, కళ్లు ఎర్రబడి పొడిబారడం లాంటి లక్షణాల గుంపుకు ఆయన పెట్టిన పేరు అది. అదే లెక్కన కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, పొట్ట కుడివైపు పైభాగంలో నొప్పి ఆగకపోయినా దాన్ని ఋతువు మార్పు ఖాతాలో వేయకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి పరీక్షలు చేయించుకోవాలి.

చైనా పంచాంగంలో సంవత్సరానికి 24 సౌర ఘట్టాలు. 2016లో యునెస్కో వీటిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వసంతం ఫిబ్రవరి 4 ప్రాంతంలో 'లీచున్'తో మొదలై, మే 5 ప్రాంతంలో 'లీశ్యా' వచ్చేదాకా సాగుతుంది. మధ్యలో మార్చి 5 ప్రాంతంలో వచ్చేది 'జింగ్‌జ', అంటే మట్టిలో నిద్రపోతున్న పురుగులు ఉలిక్కిపడి లేచే వేళ. ఈ పంచాంగం పసుపు నది పరీవాహక ప్రాంతపు వాతావరణాన్ని చూసి తయారైంది. వేరే చోట ఉన్నవాళ్లు తేదీని పట్టుకుని వేలాడకుండా తమ చుట్టూ చెట్లు ఎప్పుడు చిగురిస్తున్నాయో, గాలి ఎప్పుడు దిశ మారుతోందో చూసుకోవడమే మంచిది. దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లకు నెలలే తలకిందులవుతాయి.

ఈ ఋతువులో మొదటి జాగ్రత్త బట్టల విషయంలో. 'వసంతంలో కప్పుకో, శరత్తులో చలికి ఓర్చుకో' అని చైనాలో సామెత. చలికాలంలో మూసుకుని ఉన్న చర్మరంధ్రాలు వసంతపు వెచ్చదనానికి తెరుచుకుంటాయని, ఆ సమయంలో గాలి సులువుగా లోపలికి దూరుతుందని ఆ వైద్యపు అవగాహన. వేలితో నొక్కడానికీ సూది గుచ్చడానికీ ఆ వైద్యం ఒంటిమీద గుర్తించిన చోట్లను బిందువులంటారు; మెడ వెనకా, వీపు పైభాగంలోనూ ఉన్న కొన్ని బిందువుల పేర్లలోనే గాలి ఉంది: ఫెంగ్‌చీ అంటే గాలి కొలను, ఫెంగ్‌ఫూ అంటే గాలి నివాసం, ఫెంగ్‌మెన్ అంటే గాలి వాకిలి. గాలి లోపలికి దూరడమన్న వివరణను నమ్మినా నమ్మకపోయినా, మర్దన చేయించుకుని చెమట ఆరకముందే చల్లగాలిలో మెడ తెరిచి తిరిగితే కండలు మళ్లీ బిగుసుకుంటాయన్నది ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసినదే. మెడ, నడుము, పాదాలు కప్పి ఉంచడం చివరిదాకా వదలకూడదు.

సొంత చేతులతో చేసుకునే వరుస

బిందువుల దూరాలను 'త్సున్'లలో కొలుస్తారు. ఎవరి ఒంటిమీద వెతుకుతున్నామో వాళ్ల వేళ్లే కొలత. బొటనవేలి కణుపు వెడల్పు 1 త్సున్, చూపుడువేలు మధ్యవేలు కలిపితే ఒకటిన్నర, బొటనవేలు వదిలేసి నాలుగు వేళ్లూ దగ్గరగా పెడితే 3. ఇంకొకరికి చేసేటప్పుడు తమ వేళ్లతో కొలవడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు. నొక్కుడు ఎంత ఉండాలంటే, 10లో 5 లేక 6 అనిపించేంత. చైనా వైద్యులు 'స్వాన్ జాంగ్' అంటారు, అంటే లాగినట్టూ ఉబ్బినట్టూ ఉండే నొప్పి. అది నిమిషంలో తగ్గుముఖం పట్టాలి. మంటగా, పొడిచినట్టుగా, కరెంటు పాకినట్టుగా ఉంటే వేలు చోటు తప్పిందన్నమాట.

పని పైనుంచి కిందికి సాగుతుంది. వసంతంలో గాన్ చీ పైకి ఎగదన్నుతుందని, ముందు తల, మెడ వదులు చేసి, చివరికి పాదాల దగ్గర దించాలని దీని వెనకున్న తర్కం. పది వేళ్లనూ దువ్వెనలా చేసి నుదుటి అంచు నుంచి మెడ వెనకదాకా 30 నుంచి 50 సార్లు దువ్వాలి. గోళ్లతో కాదు, వేళ్ల మెత్తటి కొసలతో. చెవుల పైన పిత్తాశయ మార్గం (దాని చీ పారే దారి) మెలికలు తిరుగుతూ పోతుంది కాబట్టి అక్కడ నెమ్మదించాలి.

తర్వాత ఫెంగ్‌చీ (జీబీ-20; బ్రాకెట్లలోనివి బిందువుల అంతర్జాతీయ గుర్తులు). పుర్రె అడుగు అంచున, మెడ వెనక నిలువుగా దిగే రెండు మందపాటి కండల బయటి పక్కన ఒక్కో గుంట తగులుతుంది. బొటనవేళ్లు అక్కడ ఆనించి మిగతా వేళ్లతో తలను పట్టుకోవాలి. నొక్కే దిశ ఎదుటి వైపు కంటి కేసి, అంటే కొంచెం పైకీ లోపలికీ. నిమిషం నుంచి నిమిషంన్నర దాకా చిన్న వలయాలుగా నలపాలి. ఇక్కడ రెండు రకాలుగా పొరపాటు పడతారు. గడ్డం పైకెత్తితే ఆ గుంట మూసుకుపోయి, ఎంత నొక్కినా ఎముక మీదే నొక్కినట్టవుతుంది. గడ్డాన్ని ఛాతీ వైపు కొద్దిగా దించాలి. వేళ్లు ముందుకు జారి గొంతు పక్కకు చేరితే అక్కడ కరోటిడ్ ధమని ఉంటుంది. దాన్ని గట్టిగా నొక్కితే కళ్లు తిరిగి పడిపోవచ్చు.

భుజాల మీది జ్యెన్‌జింగ్ (జీబీ-21)ను బొటనవేలితో పొడవకుండా, ఎదుటి చేతి అయిదు వేళ్లతో కండను పట్టి పైకెత్తి వదలాలి. దీన్నే 'నా' పట్టు అంటారు. మెడ అడుగున పొడుచుకొచ్చే వెన్నెముక గుబ్బకూ భుజం చివరి ఎముకకూ సరిగ్గా నడుమ ఈ బిందువు ఉంటుంది. ఊపిరి వదులుతూ పట్టాలి, పీలుస్తూ వదలాలి, ఒక్కో వైపు 10 సార్లు. దాని కిందే ఊపిరితిత్తి పైకొన ఉండటం వల్ల ఈ బిందువులో సూది గుచ్చడం చాలా జాగ్రత్తగా చేయాల్సిన పని. నేర్చినవాళ్లు తప్ప ఎవరూ దానికి పూనుకోకూడదు.

చంకల కింద నుంచి పక్కటెముకల వెంబడి నడుము దాకా అరచేతులతో ఏటవాలుగా, కిందికి రుద్దడం నాలుగో మెట్టు. 30 నుంచి 50 సార్లు, చర్మం వెచ్చబడేదాకా. గాన్, పిత్తాశయ మార్గాలు రెండూ పక్కటెముకల మీదుగానే వెళతాయి. మనసు ఉక్కిరిబిక్కిరిగా ఉన్న రోజు చాలామంది ఇక్కడికి వచ్చేసరికి తమంతట తామే పెద్ద ఊపిరి వదులుతారు.

యాంగ్‌లింగ్‌చ్వెన్ (జీబీ-34) వసంతపు మర్దనకు గుండెకాయ. చైనా వైద్యం దీన్ని కండర బంధనాలన్నీ కలిసే బిందువుగా లెక్కిస్తుంది. మోకాలి బయటి వైపు కొంచెం కిందగా గుండ్రటి ఎముక ముడి తగులుతుంది. దానికి ముందుకూ కిందికీ ఉన్న గుంటే ఇది. ఒక్కో కాలికి 1 నుంచి 2 నిమిషాలు నలపాలి. వేలు కొంచెం వెనక్కి జారితే ఆ ఎముక మెడను చుట్టి వెళ్లే నరం మీద పడుతుంది. పాదం పైభాగానికి తిమ్మిరి పాకిందంటే అదే గుర్తు. వెంటనే వేలు ముందుకు జరపాలి. ఆ నరాన్ని ఎక్కువసేపు అదిమితే పాదం పైకెత్తలేని స్థితి కూడా రావచ్చు.

ఆఖరుది తాయ్‌చుంగ్ (ఎల్ఆర్-3). పాదం మీద బొటనవేలికీ రెండో వేలికీ మధ్య సందు నుంచి చీలమండ వైపు వేలు జరుపుతూ పోతే రెండు ఎముకలు కలిసే చోట వేలు ఆగిపోతుంది. అక్కడికి కాస్త ముందున్న గుంట అది. నాడి కొట్టుకోవడం తెలిస్తే వేలు సరైన చోట ఉన్నట్టే. నాడిని అణచకుండా పక్కనే నొక్కాలి. 5 సెకన్లు నొక్కి, 2 సెకన్లు వదిలి, ఇలా 2 నిమిషాలు. తర్వాత అక్కడి నుంచి వేళ్ల సందు దాకా 20 సార్లు తోయాలి. పడుకోబోయే ముందు, 40 డిగ్రీల నీళ్లలో పాదాలు 15 నిమిషాలు నానబెట్టాక చేస్తే ఈ బిందువు బాగా లొంగుతుంది. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లు నీటి వేడిని పాదంతో కాదు, థర్మామీటరుతో చూసుకోవాలి.

మొత్తం కలిపి పావుగంట, మహా అయితే 20 నిమిషాలు. రోజూ చేయవచ్చు. కొంతమంది తాయ్‌చుంగ్‌కు తోడుగా చేతి మీది హగూ (ఎల్ఐ-4)ను కూడా నొక్కుతారు, ఈ జంటను 'నాలుగు ద్వారాలు' అంటారు. గర్భిణులు మాత్రం హగూ, జ్యెన్‌జింగ్, చీలమండ లోపలి వైపున్న సాన్‌యిన్‌జ్యావ్ (ఎస్పీ-6)లకు దూరంగా ఉండాలని సంప్రదాయం గట్టిగా చెబుతుంది.

చేయి తిరిగినవాళ్ల దగ్గర

చైనా మర్దనను 'త్వేనా' అంటారు. 'త్వే' అంటే తోయడం, 'నా' అంటే పట్టి ఎత్తడం. మంచి చేతికి నాలుగు గుణాలుండాలి: నిలకడ, బలం, ఒకే తీరు, మృదుత్వం. ఈ నాలుగూ కుదిరితేనే నొక్కుడు లోతుకు దిగుతుంది. ఒట్టి బలంతో దిగేది కండ బిగుసుకోవడానికే పనికొస్తుంది. ముంజేతిని తిప్పుతూ పిడికిలి వెనక భాగాన్ని కండ మీద దొర్లించే 'గున్' పద్ధతిలో వేగం నిమిషానికి 120 నుంచి 160 సార్లు. అది వింటే ఊపేయడంలా అనిపిస్తుంది కానీ, ఒంటికి అల తాకినట్టు ఉంటుంది.

వసంతపు పనిలో అనుభవజ్ఞులు ముందు బోర్లా పడుకోబెట్టి వెన్నెముక పక్కలను దొర్లిస్తూ వదులు చేస్తారు. తర్వాత గాన్‌షూ (బీఎల్-18), దాన్‌షూ (బీఎల్-19) దగ్గర బొటనవేళ్లు నిలుపుతారు. మెడ పూసలు వదిలేసి లెక్కిస్తే, రెక్క ఎముక కింది కొనకు సరితూగే వెన్నుపూస ఏడోది. అక్కడి నుంచి రెండు దిగితే తొమ్మిదోది, దాని పక్కన ఒకటిన్నర త్సున్ దూరంలో గాన్‌షూ, మరొకటి దిగితే దాన్‌షూ. ఆ తర్వాత పక్కకు తిప్పి పడుకోబెట్టి తుంటి నుంచి కాలి బయటి అంచు వెంబడి పిత్తాశయ మార్గం పట్టుకుంటారు. ఈ చివరి భాగాన్ని హడావుడిగా ముగించే చోట ఆశించిన ఫలితం దొరకదు. రోజంతా కూర్చుని పనిచేసేవాళ్లలో బిగువు ఎక్కువగా గడ్డకట్టేది అక్కడే.

మెడను ఒక్కసారి మెలిపెట్టి 'టక్' మనిపించే పద్ధతి ఋతువు మార్పు బిగువుకు అక్కరలేదు. అరుదుగానే అయినా మెడలోని రక్తనాళపు గోడ చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యసాహిత్యంలో ఉన్నాయి. వద్దని ముందే చెప్పడంలో మొహమాటపడాల్సిన పని లేదు. పిక్కలో ఒక వైపే వాపూ వేడీ నొప్పీ ఉన్నా, జ్వరం ఉన్నా, ఎముకలు బాగా గుల్లబారినా మర్దన బల్ల ఎక్కకూడదు. మొదటిది రక్తం గడ్డకట్టిన లక్షణం కావచ్చు, నలిపితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ముప్పుంది.

'గ్వా షా' విషయంలో అపోహలు ఎక్కువ. నూనె రాసిన చర్మం మీద నున్నటి అంచున్న పలకను 45 డిగ్రీల వాలులో పట్టి, ఒకే దిశలో గీస్తారు. ఎర్రటి చుక్కలు తేలుతాయి. అవి బయటికొచ్చిన విషం కాదు, చర్మం కింది సన్నటి రక్తనాళాల నుంచి కారిన రక్తం. మామూలుగా 2 నుంచి 5 రోజుల్లో పోతాయి. అవి పోయేదాకా అదే చోట మళ్లీ గీయకూడదు. ఎంత ఎర్రబడితే అంత మంచిదని గీస్తూ పోవడమే ఇందులో అతి పెద్ద తప్పు. కొత్త చుక్కలు రావడం ఆగినా, చర్మం మండినా అక్కడితో ఆపాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు గ్వా షా, కప్పింగ్ (చర్మం మీద కప్పులు అతికించి పీల్చే పద్ధతి) రెండూ వద్దు.

తొడ బయటి అంచును పిడికిలితో దబదబా బాదుకునే అలవాటు చైనాలో బాగా పాకింది. మెల్లగా తడితే మేలే. తుంటి పక్కన పొడుచుకొచ్చిన ఎముక మీద బాదితే దాని మెత్త సంచి వాచి వారాల తరబడి పక్కకు తిరిగి పడుకోలేని పరిస్థితి వస్తుంది. పిత్తాశయపు వేళ రాత్రి 11 నుంచి 1 గంట దాకా అని లెక్కవేసి, అందుకోసం మేలుకుని బాదుకునేవాళ్లూ ఉన్నారు. ఆ వేళకు నిద్రలో ఉండమనే సంప్రదాయం చెప్పేది. చలికాలం కన్నా ఆలస్యంగా పడుకోమన్న పాత మాటకు అర్ధరాత్రి దాటే వరకు మేలుకోమని అర్థం కాదు.

ముక్కు, పుప్పొడి

వసంతంలో తుమ్ములు, కళ్ల దురద వచ్చేవాళ్లకు చైనా పద్ధతిలో రోజువారీ పని తేలిక. ముక్కుపుటాల పక్కనున్న యింగ్‌శ్యాంగ్ (ఎల్ఐ-20)ను చూపుడువేళ్లతో నిమిషం నలిపి, అక్కడి నుంచి కళ్ల లోపలి కొనల దాకా ముక్కు రెండు పక్కలనూ వెచ్చబడేదాకా పైకీ కిందికీ రుద్దడమే. పుప్పొడి కాలం మొదలవడానికి కొన్ని వారాల ముందే ఆరంభించమని చెబుతారు.

సూదుల వైద్యానికి ఇక్కడ గట్టి పరిశోధనే ఉంది. జర్మనీలో పుప్పొడి అలెర్జీ ఉన్న 422 మందిని మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు 8 వారాల్లో 12 సార్లు ఆక్యుపంక్చర్, మరో గుంపుకు ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ ఇచ్చారు. మూడో గుంపు అవసరమైనప్పుడు సెటిరిజిన్ అనే అలెర్జీ మాత్రే వాడింది. మొదటి రెండు గుంపులకూ ఆ మాత్ర అందుబాటులోనే ఉంది. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి గుంపు వాళ్లకు ఇబ్బంది తగ్గింది, మాత్రల వాడకమూ తగ్గింది. 16వ వారానికి వచ్చేసరికి ఆ తేడా నిలవలేదు. అమెరికాలోని చెవి ముక్కు గొంతు వైద్యుల అకాడమీ 2015 మార్గదర్శకాల్లో మందులు వద్దనుకునేవాళ్లకు ఆక్యుపంక్చర్‌ను ఒక అవకాశంగా సూచించవచ్చని రాసింది. మూలికల విషయంలో ఏ సిఫారసూ చేయలేదు. వేలితో నొక్కుకోవడానికి ఈ ఫలితాన్ని అంటగట్టకూడదు. రెండూ ఒకటి కావు. ఊపిరి ఆడక ఈల శబ్దం వచ్చేవాళ్లు ఇన్‌హేలర్ మానేసి ముక్కు రుద్దుకుంటూ కూర్చోవడం ప్రమాదం.

పులుపా, కారమా, తీపా

పంచతత్త్వాల పట్టికలో కాలేయం ఎదురుగా పులుపు రుచి ఉంటుంది. దాన్ని చూసి వసంతంలో నిమ్మరసం, వినెగర్ తెగ తాగమని సలహాలు వస్తుంటాయి. నెయ్‌జింగ్‌లోని 22వ అధ్యాయం చెప్పేది దానికి విరుద్ధం. కాలేయం విచ్చుకోవాలని కోరుతుంది, విచ్చుకోవడానికి ఘాటు రుచి తినాలి, పులుపు దాన్ని తగ్గిస్తుంది అంటుంది. పులుపు గుణం ముడుచుకునేలా చేయడం మరి. క్రీ.శ. 7వ శతాబ్దపు వైద్యుడు సున్ సిమ్యావ్ ఇంకొంచెం ముందుకు వెళ్లి, వసంతపు 72 రోజులూ పులుపు తగ్గించి తీపి పెంచి ప్లీహపు (చైనా లెక్కలో జీర్ణశక్తి దానిదే) చీని పోషించమన్నాడు. బలిసిన వృక్షం ప్లీహపు తత్త్వమైన మట్టిని పీలుస్తుంది కాబట్టి, గాన్ జోరు మీదున్నప్పుడు జీర్ణశక్తిని కాపాడుకోవాలని ఆయన ఉద్దేశం. తీపి అంటే చక్కెర కాదు. చైనా వంటింట్లో దానికి అర్థం బియ్యం, కొండ గడ్డ (ఒక రకం పెండలం), ఎర్ర జుజుబె పండ్లు (చైనా రేగు). ఘాటుకు ఉల్లికాడలు, చైనా వెల్లుల్లికాడలు. వాటితో పాటు లేత మొలకలు. అన్నీ వెచ్చగా, కొద్దిగా ఉడికినవి. పచ్చి కూరల రసాలతో చల్లగా కడుపు నింపుకోవడం ఈ సూత్రానికి పూర్తిగా ఎదురు.

మూలికల దగ్గర ఆచితూచి నడవాలి. గాన్ బిగువుకు వాడే 'శ్యావ్‌యావ్ సాన్' పేరుకు స్వేచ్ఛగా తిరగడమని అర్థం, సోంగ్ రాజవంశ కాలపు ఔషధ సంకలనంలో కనిపిస్తుంది. మంచి సూత్రమే అయినా నాడి, నాలుక చూసి వైద్యుడు మార్చి ఇవ్వాల్సినది. జుట్టు నెరవకుండా, కాలేయం బలపడేందుకంటూ అమ్మే 'హ షౌ వూ' వేరు వల్ల కాలేయమే దెబ్బతిన్న కేసులు ఎన్నో నమోదయ్యాయి. 1990లలో బెల్జియంలో బరువు తగ్గించే మాత్రల్లో ఒక చైనా మూలికకు బదులు అరిస్టలోకియా జాతి మొక్క కలవడంతో ఎందరికో మూత్రపిండాలు పాడయ్యాయి. జపాన్‌లో 'శ్యావ్ చాయ్‌హు' కషాయాన్ని ఇంటర్‌ఫెరాన్ అనే మందుతో కలిపి వాడినవాళ్లలో ప్రాణాంతక న్యుమోనియా కనబడి, ఆ కలయికను నిషేధించారు. సహజమన్న ముద్ర చూసి సొంతంగా కొని తాగేయడానికి ఇవి కాఫీ, టీ లాంటివి కావు.

కదలిక విషయంలో పేచీ లేదు. ఎనిమిది భంగిమల 'బాద్వాన్‌జిన్'లో రెండోది విల్లు లాగడం, ఏడోది పిడికిలి బిగించి కళ్లు పెద్దవి చేసి ముందుకు గుద్దడం. రెండూ పక్కటెముకలను తెరుస్తాయి. ఉదయం ఒక్కోటి 6 నుంచి 8 సార్లు చాలు. ఏడో భంగిమలో గుద్దే చేతికన్నా వెనక్కి వచ్చే చేయి నెమ్మదిగా ఉండాలి. రక్తపోటు ఎక్కువున్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు. ఆరు శబ్దాల శ్వాసలో గాన్‌కు 'శ్యూ' అనే శబ్దం కేటాయించారు. కళ్లు విప్పార్చి, 6 సార్లు పొడుగ్గా ఊపిరి వదులుతూ పలకాలి. కోపం పొంగుతున్న పూట మర్దన కన్నా ఇదే ముందు చేయదగ్గది.

సున్ సిమ్యావ్ 72 రోజులనడంలో ఒక లెక్క ఉంది. ప్రతి ఋతువులోనూ చివరి 18 రోజులు మట్టి తత్త్వానివి, అంటే ప్లీహానివి. వసంతంలో అవి సుమారుగా ఏప్రిల్ మూడో వారం నుంచి లీశ్యా దాకా, 'గూయూ' వర్షాల కాలం. అప్పుడు చేతిపని మారుతుంది. తాయ్‌చుంగ్‌ను వదిలి జూసాన్‌లీ (ఎస్టీ-36) పట్టాలి: మోకాలిచిప్ప కింద బయటి గుంట నుంచి నాలుగు వేళ్లు దిగి, కాలి ముందెముక అంచుకు ఒక వేలి దూరంలో. ఒక్కో కాలికి 2 నిమిషాలు. తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, అరచేతిని బొడ్డు చుట్టూ వలయంగా తిప్పాలి. పొట్ట కుడివైపు పైకి, బొడ్డు మీదుగా ఎడమకు, అక్కడి నుంచి కిందికి. చర్మం మీద చేయి జారడం కాకుండా చేతితో పాటు పొట్ట కండ కదిలేంత బరువు పెట్టి 3 నుంచి 5 నిమిషాలు. భోజనం చేసి గంట దాటాకే చేయాలి. గర్భిణులు, పొట్ట ఆపరేషను అయి ఇంకా మానని వాళ్లు దీన్ని వదిలేసి జూసాన్‌లీతో ఆపేయవచ్చు.